సైకిలు సంగతి పిల్లలది, కాలువ సంగతి పెద్దలది

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేటకు దగ్గర్లో ఒక ఊరు. మా అబ్బాయికి పదేళ్లు. కిందటి జూన్‌లో వాడిని ఊరికి కొంచెం దూరంలో ఉన్న ఒక చిన్న బడిలో చేర్పించాం. అక్కడ నియమాలన్నీ పిల్లలూ టీచర్లూ కలిసి శనివారం సభలో పెట్టుకుంటారు. ఆరేళ్ల పిల్లకైనా, పెద్ద టీచరుకైనా ఒకటే ఓటు. ఎవరైనా నియమం తప్పితే ఫిర్యాదు రాసి డబ్బాలో వేస్తారు. నలుగురు పిల్లలు, ఒక టీచరు ఉన్న కమిటీ విచారిస్తుంది. పోయిన నెల మావాడు పుస్తకంలో పేరు రాయకుండా బడి సైకిలు తీసుకుని, ఇంకో చిన్నవాడిని వెనక ఎక్కించుకుని కాలువ గట్టు మీదికి వెళ్లాడు. ఇద్దరూ పడ్డారు. దెబ్బలు తగల్లేదు కానీ ముందు చక్రం వంగిపోయింది. చెప్పకుండా తెచ్చి షెడ్డులో పెట్టేశాడు. అడిగితే నేను కాదన్నాడు. తరవాత బయటపడింది. మూడు వారాలు సైకిళ్లు ముట్టకూడదని, చక్రం బాగుచేయించడానికి రిపేరు షాపుకు తోడు వెళ్లాలని కమిటీ చెప్పింది. ఇంటికి వచ్చి ఒకటే ఏడుపు. మావారు ‘చక్రానికి ఎంతవుతుంది, కొత్త సైకిలే కొనిచ్చి వస్తాను, దీంతో సరి’ అంటున్నారు. పైగా ఆ కమిటీలో ఒకమ్మాయి మా తోటలో కొబ్బరి దింపు తీసే ఆయన కూతురు. ఆ పిల్ల మనవాడికి శిక్ష వేయడమేమిటని మావారికి మరీ కోపం. మా మావయ్యగారు నీటి సంఘానికి అధ్యక్షుడిగా చేసిన మనిషి. పిల్లలకు పెత్తనమిస్తే కొంప కొల్లేరే అంటారు. ఇప్పుడు మావాడు ఇంట్లో కూడా ఓటు కావాలంటున్నాడు. ఫోను ఎంతసేపు చూడాలో ఓటు పెట్టమంటాడు. మేం కలగజేసుకోవాలా, ఊరుకోవాలా? ఇలాంటి బడిలో పిల్లవాడు బాధ్యత నేర్చుకుంటాడా, మొండివాడవుతాడా?
– ఒక తల్లి

జవాబు: ముందు కొత్త సైకిలు కొనకుండా మీవారిని ఆపండమ్మా. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఆయన బాధ నాకు తెలియనిది కాదు. కొడుకు ఏడుస్తుంటే ఏ తండ్రికైనా చెయ్యి జేబులోకి పోతుంది. కానీ ఆయన డబ్బిస్తే జరిగేదేమిటి? బడికి కొత్త సైకిలు వస్తుంది. పాతది షెడ్డులో తుప్పు పడుతుంది. మీ అబ్బాయి చేసిన పని మాత్రం వాడిది కాకుండా పోతుంది. ఆ సైకిలు కోసం పుస్తకంలో పేరు రాసుకుని వంతు కోసం కూర్చున్న పిల్లలున్నారు కదా, వాడు బాకీ పడింది వాళ్లకు. బాకీ వాడిదై, తీర్చేది మీవారైతే వాడికి వంటబట్టేది ఒక్కటే: ఏం విరగ్గొట్టినా నాన్న ఉన్నాడు. పెద్ద తోటలున్న ఇళ్లలో ఆ పాఠం బాగా చదువుకున్నవాళ్లు పాతికేళ్లకు కారు గుద్దినా, ముప్ఫయ్యేళ్లకు రొయ్యల చెరువు లీజు ఎగ్గొట్టినా నాన్న వైపే చూస్తారు. మీ చుట్టుపక్కల అలాంటివాళ్లు ఒకరిద్దరు లేకపోతే ఆశ్చర్యపోవాలి.

కమిటీ చెప్పిన రెండింటిలో నాకు బాగా నచ్చింది రిపేరు షాపుకు తోడు వెళ్లమనడం. మామూలు బడిలో అయితే ఏమయ్యేదో మీకు తెలుసు. రెండు దెబ్బలు, లేదా గోడకుర్చీ, లేదా ‘రేపు మీ నాన్నను తీసుకురా’. నాన్న వస్తాడు, హెడ్మాస్టరు గదిలో చేతులు కట్టుకుని నిలబడతాడు, డబ్బు కడతాడు, ఇంటికెళ్లాక తన వంతుగా ఇంకో రెండు తగిలిస్తాడు. ఇంత హడావుడి జరిగినా వంగిన చక్రాన్ని పిల్లవాడు మళ్లీ కళ్లతో చూడడు. ఇక్కడ వాడు షాపు ముందు బల్ల మీద కూర్చుని, ఒక్కొక్క పుల్లా బిగిస్తూ రిమ్ము బెండు తీయడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాడు. వంగడానికి ఎంతసేపు పట్టిందో వాడికి తెలుసు. ఆ రెండింటినీ పోల్చి ఉపన్యాసం చెప్పే అవసరం మీకు గానీ, టీచరుకు గానీ ఉండదు. దయచేసి చెప్పకండి కూడా.

ఇలాంటి ఏర్పాటు మీ బడివాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. 1921లో ఎ.ఎస్. నీల్ జర్మనీలో మొదలుపెట్టి, కొన్నేళ్లకే ఇంగ్లండుకు తరలించిన సమ్మర్‌హిల్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ పాఠానికి వెళ్లాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. ఇంకొకరి నిద్ర చెడగొట్టడం మాత్రం ఇష్టం కాదు, దానికి సభలో జవాబు చెప్పాలి. చేతిఖర్చు డబ్బులో కొంత జరిమానా పడవచ్చు, భోజనాల వరసలో చివర నిలబడమనవచ్చు. ఆ సభ ఒక్కోసారి పడక వేళలను కూడా ఓటేసి ఎత్తేసింది. కొన్నాళ్లు తూలుతూ తిరిగాక ఆ పిల్లలే మళ్లీ ఓటేసి తెచ్చుకున్నారు. పడుకోండర్రా అని పెద్దలు ఎన్నిసార్లు అరిచినా రాని బుద్ధి అది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఫ్రామింగ్‌హామ్‌లో 1968లో మొదలైన సడ్‌బరీ వ్యాలీ బడి ఇంకో అడుగు ముందుకేసింది. ఏ టీచరును మరుసటి ఏడాదికి ఉంచుకోవాలో కూడా అక్కడ ఓటుతోనే తేలుతుంది. ఫిర్యాదుల సంగతి చూసే కమిటీ అక్కడ బడి జరిగే రోజుల్లో దాదాపు రోజూ కూర్చుంటుంది. రకరకాల వయసుల పిల్లలు వంతులవారీగా అందులో పనిచేస్తారు. ఫిర్యాదు రాతలో ఉండాలి. కమిటీ ఇద్దరినీ, చూసినవాళ్లనూ పిలిచి అడిగి, ఏం జరిగిందో రాసుకుంటుంది. ఆ తరవాతే ఏ నియమం తప్పినట్టో తేలుస్తుంది. ఒప్పుకుంటే అక్కడికక్కడే తీర్పు. ఒప్పుకోకపోతే విచారణ. తీర్పు అన్యాయమనిపిస్తే మొత్తం సభ ముందుకు తీసుకెళ్లవచ్చు. టీచరు నియమం తప్పినా ఇదే దారి.

మీ బడి నడక చూస్తే దీన్ని దగ్గర పెట్టుకునే తయారుచేసుకున్నట్టుంది. మంచిదే. కానీ బాగా నడుస్తోందో లేదో మీరు పనిగట్టుకుని తెలుసుకోవాలి. పిల్లల సభ పేరుతో పెద్దల మాటే చెల్లించుకునే బడులూ ఉంటాయి. టీచర్ల మీద ఎప్పుడైనా ఫిర్యాదు వచ్చిందా, వస్తే ఏం తేలింది అని అడగండి. ‘అలాంటి అవసరం రాలేదండీ’ అన్నారంటే ఆ డబ్బా పిల్లల కోసం పెట్టిందే తప్ప అందరి కోసం పెట్టింది కాదని అర్థం. రాజస్థాన్‌లోని తిలోనియా చుట్టుపక్కల రాత్రి బడుల్లో, పగలంతా మేకలు కాసే పిల్లలు తమ పార్లమెంటును తామే ఎన్నుకుని, టీచరు వేళకు వస్తున్నాడా లేదా అని చూసేవాళ్లు. ఆ పిల్లలకు కట్టకట్టి ఉపదేశాలిచ్చినవాళ్లెవరూ లేరు. తమ చదువు తమకు అందుతోందా లేదా అన్నది చూసుకునే అధికారం ఒకటిచ్చారు, అంతే.

దీనికీ మన క్లాసు లీడరు పద్ధతికీ తేడా గమనించారా? టీచరు బయటికి వెళితే మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాడు క్లాసు లీడరు. పెన్సిలు ఇచ్చినవాడి పేరు చెరిపేస్తాడు, ఇవ్వనివాడి పేరు పక్కన రెండు గీతలు అదనంగా గీస్తాడు. వాడు జవాబు చెప్పుకోవలసింది టీచరుకు, తోటి పిల్లలకు కాదు. మనలో చాలామందికి చిన్నప్పుడు దొరికిన బాధ్యత ఇలాంటిదే. అందుకే కాబోలు, పెద్దయ్యాక కూడా పైవాడి కంట్లో పడకుండా ఉండటమే మంచి నడవడి అనుకుంటాం. ఎవరూ చూడకపోతే, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

మీ అబ్బాయి అబద్ధమాడాడని ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ, మీకు ఎక్కువగా గుచ్చుకున్నది అదేనేమో అనిపించింది. దీన్ని మరీ పెద్దది చేయకండి. ఒప్పుకుంటే దెబ్బలు పడే చోట అబద్ధమాడటం పిల్లలకు తెలివే. వాడు నాలుగేళ్లు అలాంటి బడుల్లో చదివి, మొన్న జూన్‌లోనే ఇక్కడికి వచ్చాడు. ఆ అలవాటు సంచీతో పాటు మోసుకొచ్చాడు. ఇక్కడ తేడా ఏమిటంటే, వాడు అబద్ధమాడింది రేపు కబడ్డీలో తన పక్కన నిలబడాల్సినవాళ్లతో. టీచరును ఒక్కసారి బోల్తా కొట్టిస్తే తోటివాళ్లలో పేరొస్తుంది. తోటివాళ్లనే బోల్తా కొట్టిస్తే, తరవాతి ఆటలో ‘అవుటు కాలేదు’ అని నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. ఆ నమ్మకం మళ్లీ రావడానికి కొంతకాలం పడుతుంది, ఆ కాలమంతా వాడే గడపాలి. మీరు ఇంట్లో రెండో కోర్టు పెట్టి ‘ఎందుకు అబద్ధమాడావు’ అని తిరిగి మొదలుపెట్టకండి. ఒక తప్పుకు ఒక విచారణ చాలు.

ఇక మూడు వారాలు. నన్నడిగితే ఎక్కువే. పదేళ్ల పిల్లవాడికి మూడు వారాలంటే వేసవి సెలవులంత పొడవు. మొదటి వారం గడిచేసరికి తప్పు మరిచిపోతాడు, ఆ తరవాత మిగిలేది ఉక్రోషమే. పిల్లల చేతికి తీర్పు ఇస్తే మెత్తగా ఉంటారని పెద్దలు అనుకుంటారు గానీ, వాళ్లు తరచు మనకంటే కఠినంగా ఉంటారు. పోలండు రాజధాని వార్సాలో అనాథ పిల్లల ఇల్లు నడిపిన డాక్టరు యానుష్ కోర్చాక్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన పిల్లల కోర్టుకు ఒక చట్టం రాశాడు. అందులో మొదటి తొంభై తొమ్మిది సెక్షన్లూ క్షమించడానికో, కేసు కొట్టేయడానికో ఉద్దేశించినవే. తెలియక చేశాడు, మొదటిసారి చేశాడు, పశ్చాత్తాపపడుతున్నాడు, ఇలా ఏదో ఒక దారిలో వదిలేయడానికి వీలుండేది. మందలింపు నూరో సెక్షను దాటితే గానీ మొదలు కాదు. అయినా ఆయన కోర్టు కూడా ఒక దశలో గాడి తప్పింది, కొంతకాలం దాన్ని ఆపేయాల్సి వచ్చింది. పిల్లల న్యాయం దానంతటదే చక్కగా నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నీళ్లు పోస్తూ, కలుపు తీస్తూ ఉండాల్సిన మడి అది.

అందుకని మీ అబ్బాయితో ఒక్క మాట అనండి. శిక్ష ఎక్కువనిపిస్తే మొత్తం సభకు చెప్పుకునే వీలు మీ బడిలో ఉందేమో కనుక్కోమనండి. ఉంటే శనివారం సభలో వాడే లేచి నిలబడి మాట్లాడాలి. మీరు కాగితం రాసివ్వకూడదు, ఫోను చేయకూడదు. ‘సైకిలు తీసుకెళ్లింది నేనే, కాదని చెప్పింది కూడా నేనే. రిపేరుకు వెళతాను, కానీ మూడు వారాలు ఎక్కువ, ఒక వారం చేయండి’ అని అరవై కళ్లు చూస్తుండగా వాడు చెప్పగలిగితే, ఈ బడిలో ఈ ఏడాదికి వాడు చదవాల్సిన చదువు చదివినట్టే. సభ ఒప్పుకోకపోయినా సరే.

ఇక్కడ ఒక గీత మాత్రం గట్టిగా గీసుకోండి. శిక్ష ఎంత చిన్నదైనా అవమానం చేసేది కాకూడదు. మెడలో అట్ట కట్టి నిలబెట్టడం, అందరూ మాట్లాడటం మానేయాలని తీర్మానించడం, పేరు పెట్టి వెక్కిరించడం లాంటివి ఏ సభ ఎంత మెజారిటీతో తీర్మానించినా చెల్లవు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పిల్లలే ఓటేశారండీ అని బడి తప్పించుకోలేదు. మీవాడి విషయంలో అలాంటిదేమీ జరగలేదు గనుక ఇక్కడితో ఆపుతున్నాను.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది చక్రమూ కాదు, అబద్ధమూ కాదు. కాలువ గట్టు. ఇద్దరు పిల్లలు బడి వేళలో సైకిలు మీద కాలువ గట్టుకు వెళ్లారు, పడ్డారు, తిరిగి వచ్చారు. ఎవరికీ తెలియలేదు. గట్టుకు ఇటువైపు పడ్డారు కాబట్టి మనం చక్రం గురించి మాట్లాడుకుంటున్నాం. నీళ్లు వదిలిన రోజుల్లో డెల్టా కాలువలు ఎలా ఉంటాయో, ఏటా మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో ఆ దుఃఖం ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఈ విషయంలో మీరు తప్పకుండా కలగజేసుకోవాలి, ఈ వారమే. బడికి వెళ్లి అడగాల్సింది పిల్లల కమిటీని కాదు, టీచర్లను. ఆ గంటలో పిల్లలు ఎక్కడున్నారో చూసే బాధ్యత ఎవరిది? గేటు దగ్గర ఎవరుంటారు? వెనక కూర్చున్న ఆ చిన్నవాడి తల్లిదండ్రులకు చెప్పారా?

స్వేచ్ఛ గురించి అంత గట్టిగా మాట్లాడే సమ్మర్‌హిల్‌లో కూడా ఆరోగ్యం, ప్రాణభద్రత లాంటివి పెద్దల చేతిలోనే ఉంటాయి. వాటి మీద పిల్లలు ఓటు వేయరు. కోనసీమలో బడి నడుపుతూ నీళ్ల సంగతి సభకు వదిలేయకూడదు. ఈత వచ్చినవాళ్లు వెళ్లవచ్చని ఒక శనివారం ముప్ఫైమందిలో ఇరవైమంది చేతులెత్తితే? నవ్వొచ్చే విషయం కాదు, పదేళ్ల పిల్లలు అలాగే చేతులెత్తుతారు. సైకిలు పుస్తకంలో రాయలేదన్నది పిల్లల కమిటీ చూసుకోవాల్సిన తప్పు, చూసుకుంది. పిల్లలు గట్టు దాకా వెళ్లగలిగారన్నది టీచర్లు జవాబు చెప్పాల్సిన తప్పు. దానికి వాళ్లు సూటిగా జవాబు చెప్పకుండా ‘స్వేచ్ఛ ఉన్నచోట ఇలాంటివి సహజం’ అని దాటేస్తే, పిల్లవాడిని ఆ బడి మాన్పించడం గురించి నేనే మీకు చెబుతాను.

మీ మావయ్యగారి మాటకు వస్తాను. ఆయన నీటి సంఘం అధ్యక్షుడిగా చేశారన్నారు. అయితే ఈ బడి సంగతి మీ ఇంట్లో అందరికంటే బాగా అర్థం కావాల్సింది ఆయనకే. 1997లో రాష్ట్రం రైతుల చేతికి సాగునీటి నిర్వహణ అప్పగిస్తూ చట్టం చేసినప్పుడు, రాష్ట్రమంతటా పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. అప్పుడు కూడా ఇదే మాట వినబడింది: రైతులకు పెత్తనమిస్తే కాలువలు కొల్లేరే. ధవళేశ్వరంలో నీళ్లు వదిలేది ప్రభుత్వమే. కానీ రెండో పంట దాళ్వాలో నీళ్లు చాలక వంతులు పెట్టినప్పుడు, ఎగువనున్నవాడు రాత్రిపూట తూము ఎత్తి తన చేను తడుపుకుంటే శివారు రైతుకు ఏం మిగులుతుందో ఆయనకు తెలుసు. అప్పుడు కాలువ కాపలా చూసే లస్కరు ఒక్కడే ఏమీ చేయలేడు. ఇంజినీరుకు ఫిర్యాదు చేస్తే ఆయన వచ్చేసరికి నారు ఎండిపోతుంది. తూము ఎత్తినవాడిని పదిమందిలో నిలబెట్టి అడగగలిగింది పక్క చేను రైతే. సంఘాలన్నీ బాగా నడిచాయని నేననను. కొన్ని కాంట్రాక్టుల కోసమే నడిచాయి. నడిచిన చోట మాత్రం నడిచింది ఇందుకే.

ఒకరోజు సాయంత్రం ఆయన తీరిక చూసి, మనవడిని పక్కన కూర్చోబెట్టి, ఆయన హయాంలో వంతు తప్పినవాళ్లతో ఎలా నెగ్గుకొచ్చారో చెప్పమనండి. ఏ తగవు తీరింది, ఏది తీరలేదు, ఎవరి మాట ఎవరు వినలేదు, అన్నీ. మనవడు ఫిర్యాదుల డబ్బా గురించి తాతకు చెబుతాడు. వాళ్లిద్దరికీ మాట్లాడుకోవడానికి ఇంత మంచి విషయం మళ్లీ దొరకదు. మీరు మధ్యలో వెళ్లకండి.

ఇంట్లో ఓటు సంగతి. ముందే చెబుతున్నాను, కొన్నాళ్లు ఇంట్లో ఒక ప్లీడరు ఉన్నట్టే ఉంటుంది. అన్నం ఎందుకు ఇప్పుడే తినాలి, ఈ నియమం ఎవరు పెట్టారు, తాతయ్యకు ఇది వర్తించదా అని అడుగుతాడు. మొండితనం అనిపిస్తుంది. మొండివాడు కారణం వినడు, వీడు కారణం అడుగుతున్నాడు. తేడా అదే. కానీ ఇల్లు బడి కాదు, కానక్కరలేదు. ఫోను ఎంతసేపు అన్నదాని మీద ఓటు పెట్టకండి. మీకు ఇష్టం లేని ఫలితం వస్తే దాన్ని మీరు మార్చేస్తారు, అది వాడికి తెలిసిపోతుంది. ఉత్తుత్తి ఓటు పెట్టడం కంటే ‘ఇది మేం నిర్ణయించే విషయం, కారణం ఇది’ అని చెప్పడం వెయ్యి రెట్లు నయం. కారణం మాత్రం చెప్పండి. మీరూ మీవారూ భోజనాల దగ్గర ఫోను చూస్తుంటే ఆ కారణం నిలబడదని కూడా గుర్తుపెట్టుకోండి. వాడు ఇప్పుడు సాక్ష్యాలు పోగుచేసే విద్య నేర్చుకుంటున్నాడు.

దానికి బదులు ఒక్క పని పూర్తిగా వాడికి వదిలేయండి. ఉదాహరణకు రోజూ సాయంత్రం పాల కేంద్రానికి వెళ్లి పాలు తేవడం, పుస్తకంలో లెక్క చూసుకోవడం, నెలాఖరుకు డబ్బు కట్టి రావడం. దారిలో కాలువ ఉంటే ఇంకో పని ఎంచుకోండి. ఎప్పుడు వెళ్లాలన్నది వాడిష్టం. మీరు గుర్తుచేయకూడదు. ఒకరోజు మరిచిపోతాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ టీ ఉండదు. మీ మావయ్యగారు గొడవ చేస్తారు. చేయనివ్వండి. ‘మీ మనవడిని అడగండి మావయ్యగారూ’ అని మీ పనిలో మీరుండండి. పక్కింటికి వెళ్లి గ్లాసెడు పాలు అడిగి తెచ్చారా, అంతా వృథా. మీవారు సైకిలు కొనివ్వడం, మీరు పక్కింటి పాలు తేవడం రెండూ ఒకటే.

చదువు గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. పదో తరగతి పరీక్షకు ఈ బడి పిల్లలు ఏ దారిలో వెళతారో ఇప్పుడే అడిగి రాయించుకోండి. గుర్తింపు లేని బడుల పిల్లలు సాధారణంగా జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గానీ, రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గానీ రాస్తారు. ఆ పత్రాలు కాలేజీలో చేరడానికి పనికొస్తాయి. తొందరేమీ లేదు, వాడికి ఇంకా నాలుగేళ్లకు పైగా ఉంది. కానీ బడివాళ్లు ఈ ప్రశ్నకు నీళ్లు నమిలితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

చివరగా దింపు తీసే ఆయన కూతురు. మీవారి కోపంలో అసలు ముల్లు ఇదేనని నా అనుమానం. సైకిలు కొనిస్తాననడం వెనక కూడా ఇదే ఉంది. తీర్పు చెప్పింది ఒక వకీలు కూతురో, డాక్టరు కొడుకో అయితే ఆయనకు ఇంత మంట పుట్టేది కాదు. మీ తోటలో చెట్టెక్కే మనిషి కూతురు మీ అబ్బాయిని కూర్చోబెట్టి ‘పుస్తకంలో ఎందుకు రాయలేదు’ అని అడగడం ఆయనకు తలకొట్టేసినట్టుంది. ఆయన్ని తిట్టను. మన ఊళ్లలో వందల ఏళ్లుగా ప్రశ్న ఏ వాకిట్లోంచి ఏ వాకిట్లోకి వెళ్లాలో ముందే రాసిపెట్టి ఉంది. ఆ పిల్ల దాన్ని తిరగేసింది, అదీ బడి ఇచ్చిన హక్కుతో, పద్ధతి ప్రకారం. ఆ పిల్లకు ఆ కుర్చీలో కూర్చోవడానికి మీ అబ్బాయి కంటే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చిందని నేననుకుంటాను.

కోర్చాక్ గురించి ఇందాక చెప్పాను. పేరున్న డాక్టరు, దేశమంతా తెలిసిన రచయిత. ఆ కోర్టులో జడ్జీలు చీటీలు వేసి ఎంచిన అనాథ పిల్లలు. ఆయన ఆరు నెలల్లో అయిదుసార్లు తన మీద తానే ఆ కోర్టుకు కేసు పెట్టుకున్నాడు. ఒకసారి ఒక కుర్రవాడి చెవి మీద కొట్టినందుకు. ఇంకోసారి ఒకమ్మాయి దొంగతనం చేసిందని అనుమానించినందుకు. వీధిలోంచి వచ్చిన పిల్లల ముందు నిలబడి సంజాయిషీ రాసిచ్చుకున్నాడు. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించినప్పుడు, వాళ్లను వదిలి రాకుండా వాళ్లతోనే వెళ్లిన మనిషి ఆయన. ఆయనకు తక్కువతనం కానిది మీ ఇంటికి ఎందుకవుతుంది?

మీ అబ్బాయి ఆ అమ్మాయి గురించి ఇంట్లో ఏమంటున్నాడో మీరు రాయలేదు. నా అంచనా, ఏమీ అనడంలేదు. పిల్లలకు ఆ తేడా మన ముఖాలు చూశాకే తెలుస్తుంది. కాబట్టి వాడి ముందు ఆ అమ్మాయిని ‘దింపాయన కూతురు’ అనకండి. ఆ పిల్లకు పేరుంది. ఆ పేరుతోనే అడగండి, ఏమందిరా అని.

ఇంకొకటి, దీన్ని మాత్రం ఏమాత్రం అశ్రద్ధ చేయవద్దు. మళ్లీ దింపుకు వాళ్ల నాన్న మీ తోటకు వస్తారు. అప్పుడు మీవారు ఈ సంగతి ఎత్తకూడదు. కోపంగా కాదు, నవ్వుతూ కూడా ఎత్తకూడదు. ‘మీ అమ్మాయి జడ్జీ అయిందటగా’ అని వేళాకోళానికి అన్నా సరే, ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఆ పిల్లకు చీవాట్లు పడతాయి. ‘వాళ్ల తోటలో పనిచేసుకుంటున్నాం, నీకెందుకు ఆ కమిటీలు’ అంటారు. ఆ పిల్ల కమిటీ మానేస్తుంది. తరవాతి కేసులో మీ అబ్బాయిని ఎవరూ ఏమీ అడగరు. ఈ మాట మీవారికి మీరే చెప్పాలి. నేను చెబితే, ఉత్తరాలకు జవాబులు రాసేవాళ్లకు కొబ్బరి తోటల సంగతి ఏం తెలుసంటారు.